రివార్డు సైటు తెచ్చిన ఆర్డర్లలో నిజంగా తెచ్చినవి ఎన్ని? డెల్టాలో ఒక పూతరేకుల దుకాణం కేస్ స్టడీ

నేపథ్యం

గోదావరి డెల్టాలో పూతరేకులు, కాజాలు, పచ్చళ్లు తయారుచేసి ఆన్‌లైన్లో అమ్మే ఒక కుటుంబ దుకాణం గురించి రాస్తున్నాను. ఊరూ పేరూ చెప్పను. అసలు లెక్కలు బయటపడకుండా అన్నింటినీ వంద ఆర్డర్లకూ, వెయ్యి రూపాయలకూ కుదించాను. నిష్పత్తులు మాత్రం దాదాపు ఉన్నవే.

తయారీ అంతా మామగారి చేతి మీద నడుస్తుంది. వెబ్‌సైటు, ప్యాకింగు, ఫోన్లు కోడలు చూసుకుంటుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత ఆ చుట్టుపక్కల చాలా దుకాణాలు ఆన్‌లైన్ బాట పట్టాయి. వీళ్లు అంతకు కొంచెం ముందే మొదలుపెట్టారు. ఆర్డర్లు ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల నుంచి వస్తాయి. విదేశాల్లో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు పంపించే పార్సిళ్లు కూడా తక్కువేమీ కాదు. కొనేవాళ్లు దాదాపు అందరూ ఫోనులోనే కొంటారు. సంక్రాంతికి ముందు మూడు వారాలు దుకాణంలో ఎవరికీ తీరిక ఉండదు. ఎండాకాలం చివర కొత్త ఆవకాయ కోసం ఒక ఊపు వస్తుంది. వానలు పడ్డాయంటే వ్యాపారం చల్లబడుతుంది: రేకు చెమ్మ పట్టి మెత్తబడుతుంది, పార్సిలు ఎక్కడ ఆగిందో తెలియదు.

నాకన్నా ముందు ఈ దుకాణం ప్రకటనలు చూసిన ఒక ఏజెన్సీ వీళ్లను ఒక అఫిలియేట్ నెట్‌వర్క్‌లో, అంటే అమ్మకాలు తెచ్చిపెట్టే సైట్లకు దుకాణాల నుంచి కమీషన్ ఇప్పించే మధ్యవర్తి సంస్థలో, చేర్చింది. ఆ నెట్‌వర్క్ ద్వారా ఒక పెద్ద రివార్డు సైటులో దుకాణం పేరు ఎక్కింది. ప్రతి ఆర్డరు మీద 8 శాతం కమీషన్. క్లిక్ చేసిన 30 రోజుల లోపు ఎప్పుడు కొన్నా ఆ సైటు ఖాతాకే. కొత్త కొనుగోలుదారు, పాత కొనుగోలుదారు అన్న తేడా లేదు, పెట్టె చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు.

రివార్డు సైటు ఎలా నడుస్తుందో తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. సభ్యుడు ముందు రివార్డు సైటులోకి వెళ్లి, అక్కడున్న దుకాణం లింకు నొక్కి, దుకాణానికి వచ్చి కొంటాడు. ఆ క్లిక్‌కు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి అమ్మకం ఎవరి ఖాతాలోదో నెట్‌వర్క్‌కు తెలుస్తుంది. దుకాణం కమీషన్ ఇస్తుంది, రివార్డు సైటు అందులో ఎక్కువ భాగాన్ని సభ్యుడికి క్యాష్‌బ్యాక్‌గానో పాయింట్లుగానో తిరిగి ఇచ్చేసి మిగిలింది తను ఉంచుకుంటుంది. మామగారు మొదట అడిగింది ఇది అసలు వ్యాపారమేనా, మోసమా అని. అమెరికాలో 1998 నుంచి ఉన్న ఈబేట్స్‌ను 2014లో జపాన్ కంపెనీ రాకుటెన్ వంద కోట్ల డాలర్లకు కొన్నదనీ, మన దేశంలో క్యాష్‌కరో 2013 నుంచి నడుస్తోందనీ చెప్పాను. "అంటే దొంగలు కారు, తెలివైనవాళ్లు" అన్నారాయన. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

నా దగ్గరకు వచ్చిన సమస్య

నెట్‌వర్క్ డ్యాష్‌బోర్డు తెరిస్తే అంతా పచ్చగా ఉంది. దుకాణానికి వచ్చే వంద ఆర్డర్లలో పాతిక రివార్డు సైటు తెచ్చినవే అంటోంది. మరి దుకాణం మొత్తం అమ్మకాలు ఆ మేరకు పెరిగాయా అంటే లేదు. నెలాఖరున బ్యాంకు ఖాతాలో మిగిలేది మునుపటికన్నా తగ్గింది.

ఇంట్లో రెండు వాదనలు నడుస్తున్నాయి. మామగారి మాట ఇది: "సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి కూర్చున్నవాళ్లను లెక్కపెట్టి, వీళ్లందరినీ నేనే పిలుచుకొచ్చాను, టిక్కెట్టులో వాటా ఇవ్వమంటే ఇస్తామా బాబూ?" కోడలి మాట ఇంకొకటి: "ఆపేశాక ఆ పాతిక ఆర్డర్లూ పోతే ఎలా మావయ్య గారూ? రేకులు తీసే ఆడవాళ్లకు పని ఎక్కడి నుంచి తెస్తాం?"

ఇద్దరూ చూస్తున్నది ఒకే అంకె. ఆయన లెక్కలో పాతికకు పాతికా ఎలాగూ వచ్చేవే, ఆమె లెక్కలో పాతికకు పాతికా రివార్డు సైటు పుణ్యమే. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుందని ఊహించడం కష్టం కాదు. ఎక్కడ ఉందో తేల్చడమే నా పని.

ముందు మిగులు లెక్క

రివార్డు సైటు జోలికి వెళ్లకముందు ఒక ఆర్డరు మీద ఏం మిగులుతుందో కాగితం మీద పెట్టించాను. ఈ పని చేయకుండా కమీషన్ శాతాల గురించి మాట్లాడే దుకాణాలే ఎక్కువ. వెయ్యి రూపాయల ఆర్డరులో సరుకు, కూలి కలిపి 580, లోపల అట్టపెట్టె, బయట ఇంకో పెట్టె, మధ్యలో మెత్తటి కాగితం కలిపి 60, కొరియర్ 120, చెల్లింపుల గేట్‌వే 20. మిగిలేది 220.

ఇప్పుడు కమీషన్. 8 శాతం అంటే 80. నెట్‌వర్క్ తన రుసుము దాని మీద అయిదో వంతు తీసుకుంటుంది, అది 16. మొత్తం 96. ఈ రుసుముల మీద 18 శాతం జీఎస్టీ వేరే ఉంది. ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన పన్నులోంచి తీసేసి, సర్దుకుంటారు కాబట్టి ఇక్కడ కలపలేదు, కానీ డబ్బు ముందు చేతి నుంచి వెళ్లాల్సిందే.

220 మిగులులో 96 పోతోంది, అంటే 44 శాతం. ఈ కేసులో మేము తీసుకున్న ప్రతి నిర్ణయం ఈ అంకె మీదే నిలబడింది. ఎలాగంటే, రివార్డు సైటు తెచ్చానన్న వంద ఆర్డర్లకు దుకాణం 9,600 ఇస్తుంది. అందులో ఎలాగూ వచ్చే ఆర్డర్ల మీద దుకాణానికి కొత్తగా వచ్చేదేమీ లేదు. అవి లేకపోయినా ఆ మిగులు దక్కేదే. రివార్డు సైటు లేకపోతే రాని ఆర్డర్ల మీద మాత్రమే 220 చొప్పున కొత్త మిగులు. 9,600ను 220తో భాగిస్తే దాదాపు 44. కాబట్టి వందలో కనీసం 44 ఆర్డర్లు నిజంగా కొత్తవైతేనే దుకాణం నష్టపోకుండా బయటపడుతుంది. క్లుప్తంగా చెప్పాలంటే, మిగులులో కమీషన్ ఖర్చు ఎంత వాటానో, తెచ్చానన్న ఆర్డర్లలో నిజంగా కొత్తవి కనీసం అంత వాటా ఉండాలి. మిగులు తక్కువైన సరుకుకు ఈ గీత పైకి పోతుంది, ఎక్కువైన సరుకుకు కిందికి దిగుతుంది. అందుకే వేరే దుకాణంలో బాగా పనిచేసిన శాతాన్ని తెచ్చి ఇక్కడ పెట్టడం అర్థం లేని పని.

ఒక ఆర్డరును దగ్గరగా చూస్తే

తరువాత వెబ్‌సైటు రికార్డులు తీయించి, రివార్డు సైటు ఖాతాలో పడ్డ ఆర్డర్లను ఒక్కొక్కటిగా చూశాం. ఒకటి ఇక్కడ రాస్తాను. హైదరాబాదు చిరునామా. ఆ ఫోను నంబరు మీద అప్పటికే అయిదారు ఆర్డర్లు ఉన్నాయి. రాత్రి 9:12కి దుకాణం పేరునే సెర్చిలో టైపు చేసి వచ్చారు. 9:16కల్లా బుట్టలో రెండు పెట్టెల బెల్లం పూతరేకులు, కిలో ఆవకాయ చేరాయి. 9:17కి చెల్లింపు పేజీ. అక్కడ, మొత్తం ఎంతో చూపే గడికి సరిగ్గా పైన, "కూపన్ కోడ్ ఉందా?" అని పెద్ద పెట్టె. అక్కడి నుంచి బయటకు వెళ్లిపోయారు. 9:21కి రివార్డు సైటు లింకు గుండా మళ్లీ వచ్చారు. బుట్ట అలాగే ఉంది. 9:23కి డబ్బు కట్టేశారు. డ్యాష్‌బోర్డులో ఇది రివార్డు సైటు తెచ్చిన అమ్మకం.

కొనాలన్న నిర్ణయం 9:16కే అయిపోయింది. రివార్డు సైటును వెతుక్కుని వెళ్లమని ఆ కొనుగోలుదారుకు చెప్పింది దుకాణం పెట్టిన కూపన్ పెట్టే.

ఇలాంటివి ఎన్ని ఉన్నాయో తెలియడానికి రెండు ప్రశ్నలతో అన్నింటినీ విడదీశాం: ఫోను నంబరు పాతదా కొత్తదా, రివార్డు క్లిక్‌కు ముందే బుట్ట నిండిందా లేదా. సగానికి కొంచెం ఎక్కువ పాత నంబర్లు. ఆ పాత నంబర్లలో చాలా భాగం బుట్ట నిండాకే రివార్డు సైటుకు వెళ్లినవి. కొత్త నంబర్లు మాత్రం ఎక్కువగా అటు నుంచే మొదలయ్యాయి. అంటే రివార్డు సైటులో దుకాణం పేరు చూసి, మొదటిసారి లోపలికి వచ్చినవాళ్లు.

ఇది చూడగానే మామగారు గెలిచినట్టే మాట్లాడారు. నేను ఒప్పుకోలేదు. బుట్ట ముందే నిండినంత మాత్రాన కొనేసేవాళ్లే అనడానికి లేదు. కొరియర్ చార్జీ చూసి వెనక్కి తగ్గబోయిన మనిషిని ఆ క్యాష్‌బ్యాక్ ఆశే ముందుకు తోసి ఉండవచ్చు. రికార్డులు దారి ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూపిస్తాయి. ఆ దారి మూసేస్తే ఏమయ్యేదో చూపించవు.

నాకు ముందు చేసినవి, ఎందుకు ఫలించలేదు

ఏజెన్సీ ఉన్న రోజుల్లో ఒకసారి అందరికీ కమీషన్ 8 నుంచి 3కు దించారు. ఖర్చు తగ్గుతుందనుకున్నారు. రివార్డు సైటు తన జాబితాలో దుకాణాన్ని ఎక్కడో అడుగుకు నెట్టేసింది. కొత్తగా దుకాణాన్ని చూసే సభ్యులు తగ్గారు. పాతవాళ్లు మాత్రం చెల్లింపు పేజీ దగ్గర నుంచి ఆ మూడు శాతం కోసమైనా వెళ్లి వస్తూనే ఉన్నారు. పనికొచ్చే సగం పోయింది, పనికిరాని సగం ఉండిపోయింది. ఒకే శాతాన్ని పైకీ కిందికీ జరిపితే జరిగేది ఇదే.

ఇంకోసారి సంక్రాంతికి "రెట్టింపు క్యాష్‌బ్యాక్" ఇచ్చారు. ఆర్డర్లు వెల్లువెత్తాయి, నిజమే. కానీ బోర్లించిన కుండ మీద రేకు తీసే చేతులు ఎన్ని ఉన్నాయో అన్నే పెట్టెలు తయారవుతాయి. పండగ ముందు ఆ చేతులు మామూలుగానే ఖాళీ ఉండవు. సరుకంతా ఎలాగూ అమ్ముడుపోయే వారంలో కొత్త ఆర్డరు అంటూ ఉండదు. ఒకరికి వెళ్లాల్సిన పెట్టె ఇంకొకరికి వెళుతుంది, అంతే. ఆ మార్పిడికి రెట్టింపు కమీషన్ కట్టారు. పైగా ఏటా కొనే వాళ్లలో కొందరికి పెట్టెలు భోగి దాటాక చేరాయి.

మూడోది కోపంలో చేసిన పని. రద్దయిన ఆర్డర్లకు, తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చిన క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్లకు కూడా కమీషన్ పోతోందని ఆలస్యంగా గమనించారు. గడువు లోపల దుకాణం ఒక ఆర్డరును ఆమోదించడం గానీ తిరస్కరించడం గానీ చేయకపోతే నెట్‌వర్క్ దానంతట అదే ఆమోదించేస్తుంది. ఆ పని చూసేవాళ్లే లేరు. సంగతి తెలిశాక ఒక నెల ఆర్డర్లన్నింటినీ కట్టకట్టి తిరస్కరించారు, సరిగ్గా చేరినవాటితో సహా. తమ క్యాష్‌బ్యాక్ రాలేదని సభ్యులు రివార్డు సైటును నిలదీశారు, అది దుకాణాన్ని కొంతకాలం జాబితా నుంచే తీసేసింది. సభ్యుడి దృష్టిలో మాట తప్పింది దుకాణమే.

నేను వచ్చాక మొదట పెట్టించిన ఉపాయం కూడా పెద్దగా పనికిరాలేదు. ఆర్డరు పూర్తయ్యాక "మా గురించి మీకు ఎలా తెలిసింది?" అని అడిగాం. మొదట ఉన్న జవాబునే ఎక్కువమంది నొక్కారు. జవాబుల వరుస మార్చాం. మళ్లీ మొదటిదాన్నే నొక్కారు. ఆ పేజీని తీసేశాం.

ఆపి చూడటం

నమ్మదగిన దారి ఒక్కటే కనిపించింది: ఒక వారం రివార్డు సైటును ఆపి, ఒక వారం నడిపి, దుకాణం మొత్తం ఆర్డర్లు ఎలా మారతాయో చూడటం. రివార్డు సైటు ఆర్డర్లను కాదు, మొత్తాన్ని. ఇక్కడ కొన్ని నిర్ణయాలకు కారణాలు చెప్పాలి.

నెలంతా ఆపకుండా వారం వారం మార్చడం ఎందుకంటే, నెలలో ఏదో ఒక పండగో, జీతాల రోజో, వర్షమో వచ్చి పడుతుంది. వారాలు ఒకటి విడిచి ఒకటిగా ఉంటే అవి రెండు వైపులా పంచుకుంటాయి. పెద్ద పండగల దగ్గర అసలు మొదలుపెట్టలేదు. 30 రోజుల గడువును ముందుగానే ఒక్క రోజుకు కుదించాం. లేకపోతే నడిపిన వారం నొక్కిన క్లిక్కులు ఆపిన వారంలోకి పారి లెక్క చెడుతుంది. పూతరేకులు కొనేవాళ్లు నెల రోజులు ఆలోచించరు కాబట్టి ఆ కుదింపు రివార్డు సైటుకు అన్యాయం కూడా కాదు. ఆపిన వారంలో క్యాష్‌బ్యాక్ కోసం ఆగి, నడిపిన వారం మొదటి రోజున కొనేవాళ్లు ఉంటారేమోనని ప్రతి వారం మొదటి రెండు రోజులనూ పక్కనపెట్టి మిగిలిన రోజులనే పోల్చాం. రివార్డు సైటు తరఫున మా ఖాతా చూసే ఆయనకు ముందే చెప్పి, "తాత్కాలికంగా లేదు" అని పెట్టించాం. దొంగచాటుగా చేస్తే మళ్లీ ఆ తిరస్కరణ నెల పునరావృతమయ్యేది.

నడిపిన వారాల్లో మొత్తం వంద ఆర్డర్లు, అందులో పాతిక రివార్డు సైటువి అనుకుంటే, ఆపిన వారాల్లో మొత్తం తొంభై దగ్గర ఆగింది. పాతికలో నిజంగా పోయినవి పది. అంటే నలభై శాతం. మాకు కావలసిన గీత 44.

మామగారు "అయితే మూసేద్దాం" అన్నారు. గీతకు అంత దగ్గరగా ఉన్నప్పుడు మొత్తం అంకెను నమ్మి తలుపు మూయడం నాకు నచ్చలేదు. పోయిన ఆ పది ఎవరో చూశాం. పాతిక ఆర్డర్లలో పన్నెండు కొత్త నంబర్లు, పదమూడు పాత నంబర్లు. ఆపిన వారాల్లో తగ్గిన పదిలో తొమ్మిది కొత్త నంబర్ల వైపు నుంచి, ఒక్కటి పాత నంబర్ల వైపు నుంచి తగ్గాయి. కొత్తవాళ్ల విషయంలో కోడలి మాట దాదాపు నిజం, పాతవాళ్ల విషయంలో మామగారి మాట దాదాపు నిజం. ఒకే కమీషన్ కింద రెండు వేరు వేరు వ్యాపారాలు నడుస్తున్నాయి.

ఫలించినవి

కమీషన్‌ను రెండుగా చీల్చాం. కొత్త నంబరుకు 10 శాతం, పాత నంబరుకు 2 శాతం. ఆర్డరు పూర్తికాగానే నెట్‌వర్క్‌కు వెళ్లే సమాచారంలో కొత్తా పాతా అన్న గుర్తు కూడా వెళ్లేలా వెబ్‌సైటు చూసే కుర్రాడు ఏర్పాటు చేశాడు. నెట్‌వర్క్‌లకు ఇది కొత్త కోరిక కాదు, వేరు వేరు కమీషన్ వర్గాలు పెట్టుకునే వీలు ఉంటుంది.

లెక్క ఇలా మారింది. కొత్తవాళ్లు పన్నెండు మందికి రుసుముతో కలిపి 120 చొప్పున 1,440. నిజంగా కొత్తవైన తొమ్మిది ఆర్డర్ల మిగులు 1,980. పాతవాళ్లు పదమూడు మందికి 24 చొప్పున 312. ఒక్క ఆర్డరు మిగులు 220. మొత్తం మీద ఇంతకు ముందు 200 నష్టం (పాతికకు 96 చొప్పున 2,400 పోయి, పది ఆర్డర్ల మిగులు 2,200 వచ్చేది) వచ్చిన చోట ఇప్పుడు 448 లాభం. పైగా కొత్తగా వచ్చినవాళ్లలో కొందరు తరువాతి పండక్కి మళ్లీ కొంటారు. అప్పుడు వాళ్లు పాత నంబర్లు, కమీషన్ 2 శాతమే.

పాతవాళ్లకు సున్నా ఎందుకు పెట్టలేదని ఇద్దరూ అడిగారు. సభ్యుడు లింకు నొక్కి, కొని, తన ఖాతాలో సున్నా చూస్తే ట్రాకింగ్ చెడిందనే అనుకుంటాడు, ఫిర్యాదు చేస్తాడు, ఆ ఫిర్యాదులకు జవాబు చెప్పే ఖర్చు రివార్డు సైటుది కాబట్టి అది మనల్ని కిందికి నెడుతుంది. రెండు శాతం ఆ గొడవకు అడ్డుకట్ట. రివార్డు సైటు కూడా పెద్దగా బేరమాడలేదు. వాళ్ల పేజీలో "8 శాతం" బదులు "10 శాతం వరకు" అని కనిపిస్తుంది కదా. ఎవరికి ఎంతో కింద స్పష్టంగా రాయాలన్నది మాత్రం మా షరతు.

ఫోను నంబరు మాత్రమే చూస్తే సరిపోదని త్వరలోనే తెలిసింది. అమ్మ నంబరుతో ఎప్పుడూ కొనే ఇంట్లో ఈసారి అల్లుడి నంబరుతో ఆర్డరు వస్తుంది. కాబట్టి చిరునామానూ పోల్చడం మొదలుపెట్టాం. అయినా మరీ గట్టిగా బిగించలేదు. అమెరికాలో ఉన్న కొడుకు అమలాపురంలో ఉన్న నాన్నకు ఒకటి, రాజమండ్రిలో ఉన్న అత్తగారికి ఒకటి పంపితే రెండో చిరునామా నిజంగానే కొత్త ఇల్లు, రేపు ఆ ఇంటి నుంచి ఆర్డరు రావచ్చు. పది ఆర్డర్లలో ఒకటి తప్పుగా కొత్తదని లెక్కపడితే పోయేది కొద్ది రూపాయలే. నిజంగా కొత్తవాడికి "నువ్వు పాతవాడివి" అని చెబితే పోయేది ఆ మనిషే.

కమీషన్‌ను సరుకు ధర మీద మాత్రమే లెక్కకట్టి, కొరియర్ చార్జీనీ పన్నునూ బయట ఉంచాం. చిన్న ఆర్డర్లకు 10 శాతం వర్తించకుండా ఒక కనీస మొత్తం పెట్టాం. 120 రూపాయల కొరియర్‌ను వెయ్యి రూపాయల పార్సిలు మోయగలదు, ఒక్క పెట్టె మోయలేదు.

కూపన్ పెట్టెను తీసేశాం. కోడ్ ఇవ్వాల్సి వస్తే లింకులోనే ఇమిడి వచ్చి దానంతట అదే అమలవుతుంది. ఈ కేసులో అన్నింటికన్నా చౌకగా జరిగిన మార్పు ఇదే. చెల్లింపు పేజీ నుంచి బయటకు వెళ్లి లింకు గుండా తిరిగొచ్చే పాత నంబర్లు కళ్లకు కనిపించేంతగా తగ్గాయి. బ్రౌజరులో కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్ల గురించి కూడా ఆలోచించాం. కొనేవాడికి ఏ లాభమూ ఇవ్వకుండా అఫిలియేట్ కోడ్ చొప్పించే ఎక్స్‌టెన్షన్లను 2025 మార్చిలో గూగుల్ తన క్రోమ్ నిబంధనల్లో అడ్డుకుంది. అయినా మన కొనుగోలుదారులంతా ఫోనులోనే ఉన్నారు కాబట్టి దాని మీద సమయం పెట్టలేదు.

అనుకోకుండా బయటపడింది ఒకటుంది. వంటల వీడియోలు చేసే ఒకామె కూడా ఇదే నెట్‌వర్క్‌లో ఈ దుకాణం లింకు పెట్టుకున్నారు. పూతరేకు మడత ఎలా విప్పాలో, నెయ్యి ఎంత ఉండాలో చూపించే వీడియో ఆమెది. అది చూసి వచ్చినవాళ్లు బుట్ట నింపి, కూపన్ పెట్టె చూసి, రివార్డు సైటుకు వెళ్లి వచ్చేవారు. చివరి క్లిక్ ఎవరిదైతే కమీషన్ వాళ్లదే అన్న నియమం వల్ల ఆమెకు దక్కింది దాదాపు ఏమీ లేదు, ఆమె ఆ లింకు తీసేయబోతున్నారు. నిజంగా కొత్త మనిషిని తెచ్చింది ఆమె; వాటా పోయింది ఇంకొకరికి. అందుకని, వీడియో లింకు నొక్కిన ఏడు రోజుల లోపు రివార్డు క్లిక్ వచ్చినా కమీషన్ వీడియోకే దక్కేలా నియమం మార్పించాం. రివార్డు సైటు దీనికి మాత్రం గట్టిగానే అభ్యంతరం చెప్పింది. సభ్యుడికి ఇవ్వాల్సిన 2 శాతాన్ని దుకాణం తన చేతి నుంచి ఇస్తుందన్నాక ఒప్పుకుంది. కొందరికి ఇది రెండుసార్లు చెల్లించడంలా అనిపిస్తుంది. ఆ ఆర్డర్ల సంఖ్యను బట్టి చూస్తే నాకు అలా అనిపించలేదు.

సంక్రాంతి మూడు వారాలూ కొత్తా పాతా తేడా లేకుండా 2 శాతం మాత్రమే అని ముందే రాసి పంపాం. ఆ మిగిల్చిన డబ్బును వానాకాలంలో ఖర్చుపెట్టాం. శ్రావణం దగ్గర రివార్డు సైటు తన సభ్యులకు పంపే సందేశాల్లో చోటు కొని, రేకుల జోలికి పోకుండా ఆవకాయ, గోంగూర, పొడులు కలిపిన పెట్టెను ముందుకు తెచ్చాం. చెమ్మకు చెడని సరుకు, ఖాళీగా ఉన్న చేతులు, దుకాణం పేరు తెలియని సభ్యులు. రివార్డు సైటుకు నిజమైన విలువ ఉన్న చోటు ఇదీ. ఆ వారాల్లో వచ్చిన ఆర్డర్లలో కొత్త నంబర్ల వాటా మిగతా ఏడాది కన్నా బాగా ఎక్కువ.

ఆమోదం పని ఇప్పుడు కోడలు ప్రతి సోమవారం ఉదయం చేస్తుంది. పార్సిలు చేరిందని కొరియర్ నుంచి సమాచారం వచ్చాకే ఆమోదం. తిరిగొచ్చిన ప్రతి ఆర్డరుకూ తిరస్కరణతో పాటు కారణం. చేరినవాటిని ఆలస్యం చేయకుండా ఆమోదిస్తున్నందుకు రివార్డు సైటు జాబితాలో దుకాణం చోటు కొంచెం మెరుగుపడింది కూడా. సభ్యులకు త్వరగా డబ్బు చేరే దుకాణాలంటే వాళ్లకూ ఇష్టమే.

ఇతరులకు పనికొచ్చే సంగతులు

ఈ కేసు చదివి 10, 2 అన్న అంకెలను ఎత్తుకెళ్లి పెట్టుకునేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. అవి ఈ దుకాణం మిగులుకు, ఈ దుకాణం పాతవాళ్ల నిష్పత్తికి సరిపడినవి. వెంట తీసుకెళ్లవలసింది లెక్క వేసే తీరు: ముందు మిగులు, తరువాత కమీషన్ అందులో ఎంత వాటా, ఆ తరువాత ఆపి చూసి నిజంగా కొత్తవి ఎన్ని, చివరికి ఆ కొత్తదనం ఎవరి వైపు నుంచి వస్తోంది. డ్యాష్‌బోర్డు చెప్పే "తెచ్చిన అమ్మకాలు" ఈ వరుసలో ఎక్కడా జవాబు కాదు, అది కేవలం చివరి క్లిక్ ఎవరిదో చెబుతుంది. ఆపి చూసే ధైర్యం లేని దుకాణాలు కనీసం కొత్త నంబర్లు, పాత నంబర్లు విడదీసి చూసినా సగం సంగతి తెలుస్తుంది.

చిన్న దుకాణాలకు వారం వారం ఆపి చూసే పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. వారానికి ఇరవై ముప్ఫై ఆర్డర్లే ఉంటే ఒక పెళ్లి ఆర్డరు చాలు, లెక్కంతా తారుమారవుతుంది. పెద్ద మొత్తపు ఆర్డర్లను, ఆషాఢం సారె లాంటివాటిని, ముందే వేరుచేసి పక్కన పెట్టాలి. ఈ దుకాణంలో అవి ఎలాగూ ఫోను మీదే వస్తాయి కాబట్టి మాకు ఆ బెడద తప్పింది.

ఇదే ఊళ్ల చుట్టూ నన్ను అడిగిన మరో ఇద్దరి విషయం చెప్పాలి. కడియం వైపు మొక్కలు అమ్మే ఒక నర్సరీకి మిగులు ఎక్కువ, పాతవాళ్లు తక్కువ. అక్కడ గీత కిందికి దిగుతుంది, ఒకే శాతం పెట్టినా నష్టం ఉండకపోవచ్చు. దారిలో చనిపోయిన మొక్కల లెక్క మాత్రం మిగులులోంచి ముందే తీసేయాలి. ఉప్పాడ జాందానీ చీరలు అమ్మే ఇంకొకరికి నేను రివార్డు సైటు సూచించలేదు. అంత ఖరీదైన చీర కొనే మనిషి రోజుల తరబడి చూసి, ఇంట్లో చూపించి, వీడియో కాల్‌లో అంచు చూసి కొంటుంది. చివరి నిమిషంలో కనిపించే క్యాష్‌బ్యాక్ ఆ నిర్ణయంలో పెద్ద పాత్ర పోషించదు, కమీషన్ మాత్రం వేలల్లో ఉంటుంది. వాళ్లు ప్రస్తుతం మగ్గం దగ్గర తీసిన వీడియోలకు లింకులు ఇచ్చేవాళ్లతోనే మొదలుపెట్టారు, రివార్డు సైటు సంగతి దీపావళి అమ్మకాలు చూశాక మాట్లాడుకుందాం అనుకున్నాం.